రీల్‌కి లైన్: ఏది కొనాలి, ఎలా చుట్టాలి

అంతర్వేది దగ్గర, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట, పోటు తిరిగే వేళ. పండుగప్ప ఒకటి ల్యూర్‌ని (నకిలీ ఎరని) కొట్టింది. రాడ్ విల్లులా వంగింది. నేను హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాను, లైన్ మాత్రం ఒక్క మూర కూడా రావట్లేదు. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారాన్ని కొంచెం కొంచెంగా వదిలే రీల్ బ్రేకు) వదులుగా ఉందేమోనని బిగించాను. ఇంకా బిగించాను. పక్కన గాలం వేస్తున్న పెద్దాయన తొంగి చూసి, "డ్రాగ్‌ది కాదండీ తప్పు. స్పూల్ కదలట్లేదు, దాని మీద దారమంతా ఉండలా తిరిగిపోతోందండి, చూస్కోండి" అన్నాడు. నిజమే. నున్నటి అల్యూమినియం స్పూల్‌కి (రీల్‌లో దారం చుట్టుకునే చక్రానికి) నేరుగా బ్రెయిడ్, అంటే అల్లిన దారం, కట్టి చుట్టారు. రీల్ కొన్న షాపులోనే ఉచితంగా చుట్టి ఇచ్చారు కదా అని నేనూ మళ్లీ చూసుకోలేదు. చేప పోయింది, దానితోపాటు కొత్త ల్యూరూ పోయింది.

అప్పటినుంచి నా రీళ్లకి లైన్ నేనే చుట్టుకుంటున్నాను. అరగంట పని. రీల్ మీద పదివేలు పెట్టి, లైన్ దగ్గర రెండు వందలు మిగుల్చుకోవాలని చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. వేలు పోసిన రీల్‌నీ చేపనీ కలిపేది ఆ దారమొక్కటే.

ముందు చేప, తర్వాత లైన్

షాపుకెళ్లి "మంచి లైన్ ఇవ్వండి" అంటే అక్కడ ఏది మిగిలిపోయిందో అది చేతిలో పెడతారు. ఏ నీళ్లలో, ఏ చేప కోసమో తేల్చుకుని వెళ్లాలి. మనకి దొరికేవి మూడు రకాలు.

మోనో అంటే మనవాళ్లు ఎప్పటినుంచో నైలాన్ దారం అనేదే, ఒకే పోగు. చవక, ముడి బాగా నిలుస్తుంది, రాయికి రాసుకున్నా బ్రెయిడంత తొందరగా తెగదు. లాగితే సాగుతుంది, తెగేలోపు తన పొడవులో పాతిక శాతం దాకా సాగే రకాలున్నాయి. ఈ సాగుడు ఒక చోట వరం, ఒక చోట శాపం. బొచ్చె ఒడ్డు దగ్గరికొచ్చి ఒక్కసారిగా తోక విదిల్చినప్పుడు సాగే దారం ఆ కుదుపుని తను తీసుకుంటుంది, గాలం నోట్లోంచి ఊడదు. అదే యాభై మీటర్ల దూరంలో చేప కొరికినప్పుడు మీరు రాడ్ ఎత్తితే, ఆ ఊపు సగం సాగుడులోనే పోతుంది. పైగా మోనో నీళ్లు పీలుస్తుంది, తడిశాక బలం కొంత తగ్గుతుంది. ఎండకి పెళుసవుతుంది. ఎక్కువ రోజులు చుట్టి ఉంచితే స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా బయటికొస్తుంది.

బ్రెయిడ్ అంటే సన్నటి పాలిథిలిన్ పోగుల్ని జడలా అల్లినది. ప్యాకెట్ మీద ఎక్స్4, ఎక్స్8 అని ఉండేది ఎన్ని పాయలో చెప్పడానికి. నాలుగు పాయలది గరుకుగా ఉంటుంది, నాచులోనూ తూడులోనూ బాగా నిలుస్తుంది. ఎనిమిది పాయలది నున్నగా, చప్పుడు లేకుండా గైడ్లలోంచి (రాడ్ మీది రింగుల్లోంచి) జారి దూరం వెళ్తుంది. అదే బలానికి మోనో కన్నా చాలా సన్నం. సాగడం దాదాపు ఉండదు కాబట్టి చేప ముక్కుతో తాకినా వేలికి తెలుస్తుంది. నీళ్లమీద తేలుతుంది. దీని బలహీనత రాయి. అంచుకి బిగుతుగా రాసుకుందంటే చటుక్కున తెగుతుంది.

ఫ్లోరోకార్బన్ చూడటానికి మోనోలాగే ఉంటుంది, పదార్థం వేరు. బరువెక్కువ, మునుగుతుంది, నీళ్లు పీల్చదు. దీని వక్రీభవన గుణకం సుమారు 1.42, నీటిది 1.33, నైలాన్‌ది 1.5 దాటుతుంది. అంటే నీళ్లలో నైలాన్ కన్నా తక్కువ కనిపిస్తుంది. అలాగని కనపడదు అనుకుంటే పొరపాటే. వరదల్లో గోదావరి ఎర్రనీరు వచ్చినప్పుడు మీ చెయ్యే మీకు కనపడదు, అక్కడ కనపడకపోవడం కోసం ఫ్లోరోకి డబ్బు పెట్టడం దండగ. రీల్ నిండా చుట్టడానికి కూడా నేను సిఫారసు చెయ్యను. బిరుసుగా ఉండి స్పిన్నింగ్ రీల్ (స్పూల్ కదలకుండా ఉండి, దాని చుట్టూ దారం చుట్టుకునే రకం) మీదనుంచి ఎగిరెగిరి పడుతుంది. లీడర్‌కి, అంటే లైన్ చివర గాలం ముందు కట్టే చిన్న ముక్కకి, మాత్రం చక్కగా పనికొస్తుంది.

నా లెక్క ఇది. చెరువులో, కాలువలో తవుడు ముద్దో వేరుశనగ చెక్కో పెట్టి శీలావతి, బొచ్చె కోసం కూర్చునేవాళ్లకి 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల మోనో చాలు, బ్రెయిడ్ జోలికి పోనక్కర్లేదు. గుర్రపుడెక్కలో, తామరాకుల మధ్య కప్ప ల్యూర్‌తో కొరమీను కోసం వెళ్తే 40 లేదా 50 పౌండ్ల బ్రెయిడ్ వెయ్యండి. అంత బలం చేపకోసం కాదు, చేపతోపాటు వచ్చే బుట్టెడు తూడు కోసం. నదీ ముఖద్వారాల్లో పండుగప్పకి 20 నుంచి 30 పౌండ్ల బ్రెయిడ్, ముందు లావు లీడర్. విశాఖ వైపు రాళ్లమీద నుంచి సముద్రంలోకి విసిరేవాళ్లకి 40 పౌండ్లకి తగ్గకూడదు, లీడర్ ఇంకా పొడుగుండాలి. పులసకి ఏ లైన్ అని అడిగేవాళ్లూ ఉన్నారు. అది నీళ్లలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకు తినే చేప, వలకి పడుతుంది గానీ మీ గాలానికి పడదు. ఆ డబ్బేదో దాచుకుని పులసే కొనుక్కోండి.

ప్యాకెట్ మీది అంకెలు

పౌండ్లని కిలోల్లోకి మార్చడానికి సులువు: సగం చేసి, అందులో పదో వంతు తీసెయ్యండి. 20 పౌండ్లంటే పదిలోంచి ఒకటి తీసి 9 కిలోలు.

జపాన్ పద్ధతిలో బ్రెయిడ్‌కి పీఈ అంకె ఉంటుంది. పీఈ 1 సుమారు 0.17 మిల్లీమీటర్లు, పీఈ 2 సుమారు 0.24, పీఈ 3 సుమారు 0.29. ఇవి లావుకి సంబంధించినవి, బలానికి కాదు. ఒకే పీఈ అంకెతో ఒక కంపెనీది 25 పౌండ్లుంటే ఇంకోదానిది 35 ఉండొచ్చు.

చవక బ్రెయిడ్‌లో మోసం ఎక్కువగా లావు దగ్గరే. డబ్బా మీద 0.16 అని ఉంటుంది, తీసి చూస్తే పురికొసలా ఉంటుంది. పక్కపక్కన 0.30 మోనో పెట్టి వేళ్లమధ్య నలిపి చూడండి, బ్రెయిడ్ దానంత లావుగా తగిలితే ఆ అంకె అబద్ధం. బలం తెలుసుకోవాలంటే స్ప్రింగ్ కాటా ఉంటే చాలు. ఒక కొస కొక్కేనికి ముడేసి, రెండో కొస చెక్క కర్రకి పది చుట్లు చుట్టి నెమ్మదిగా లాగండి. కాటా ఏ అంకె దగ్గర ఉండగా తెగితే, అదే ముడితో సహా మీ లైన్ అసలు బలం. చేతికి మాత్రం చుట్టుకోకండి, బ్రెయిడ్ చర్మంలోకి కత్తిలా దిగుతుంది.

ఎంత పడుతుంది?

స్పూల్ అంచున 0.30/200 లాంటి అంకెలుంటాయి. అంటే 0.30 మిల్లీమీటర్ల దారం 200 మీటర్లు పడుతుందని. మీ దారం వేరే లావుదైతే చిన్న లెక్క వెయ్యాలి. లావుని లావుతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించండి. 0.30 × 0.30 × 200 = 18. ఈ పద్దెనిమిదే ఆ స్పూల్ కడుపు అనుకోండి. 0.35 మోనో ఎంత పడుతుంది? 18ని 0.1225తో భాగిస్తే 147 మీటర్లు.

ఇప్పుడు బ్రెయిడ్ సంగతి. 150 మీటర్ల పీఈ 2 కొన్నారు. 0.24 × 0.24 × 150 అంటే సుమారు 8.6. కడుపులో ఇంకా 9.4 ఖాళీ. దాన్ని నింపడానికి అడుగున 0.30 మోనో వేస్తే, 9.4ని 0.09తో భాగించి, 104 మీటర్లు. అడుగున వేసే ఈ చవక దారమే బ్యాకింగ్. బ్రెయిడ్ నలిగి చదునవుతుంది కాబట్టి లెక్క పది మీటర్లు అటూ ఇటూ అవుతుంది, చివర్లో కంటితో చూసి సరిచేసుకోవాలి.

మీటర్లు కొలవడమెలా అంటారా? రీల్ డబ్బా మీద ఒక్కసారి హ్యాండిల్ తిప్పితే ఎన్ని సెంటీమీటర్లు వస్తుందో రాసి ఉంటుంది. నిండు స్పూల్‌కి 75 అని ఉంటే 150 మీటర్లకి 200 తిప్పుళ్లు. అడుగున స్పూల్ సన్నగా ఉంటుంది గనక మొదట్లో ఇంకాస్త ఎక్కువ తిప్పాలి.

లెక్కల తలనొప్పి అక్కర్లేదనుకుంటే, అదే సైజు రెండో స్పూల్ ఉన్నవాళ్లకి ఒక ఉపాయం ఉంది. మొదటి స్పూల్ మీద ముందు బ్రెయిడ్ మొత్తం చుట్టి, దాని కొసకి మోనో ముడేసి, అంచుదాకా నింపి కత్తిరించండి. ఇప్పుడు అదంతా రెండో స్పూల్ మీదికి మార్చండి. మోనో అడుక్కి, బ్రెయిడ్ పైకి వస్తాయి, సరిగ్గా నిండుతుంది.

స్పిన్నింగ్ రీల్ మీద చుట్టడం

రాడ్‌కి రీల్ బిగించుకోండి. తడిగుడ్డ, కత్తెర, గిన్నెలో నీళ్లు దగ్గర పెట్టుకోండి. పాత లైన్ ఉంటే తీసేసి, స్పూల్ పెదవి (ముందు అంచు) చుట్టూ చిన్న దూదిముక్క తిప్పండి. ఎక్కడైనా దూది పట్టుకుందంటే అక్కడ గీత పడిందని. దాన్ని సన్నటి ఉప్పుకాగితంతో సరిచెయ్యకపోతే కొత్త లైన్‌ని ప్రతి విసురులో కొరుకుతుంది.

1. లైన్ కొసని రాడ్ మీద రీల్‌కి దగ్గరగా ఉన్న పెద్ద గైడ్‌లోంచి, కొన వైపు నుంచి రీల్ వైపుకి దూర్చండి.

2. బెయిల్ (దారాన్ని పట్టి స్పూల్ మీదికి నడిపే తీగ) తెరవండి. దీన్ని విడిగా రాస్తున్నానంటే కారణం ఉంది. బెయిల్ మూసి ముడేసి, హ్యాండిల్ తిప్పితే లైన్ ఎందుకు చుట్టుకోవట్లేదా అని బుర్ర గోక్కోనివాడు నాకు ఇంతవరకు కనపడలేదు. నేను మూడుసార్లు చేశాను.

3. స్పూల్ మీద ముడి. దీన్ని ఆర్బర్ ముడి అంటారు. కొసని స్పూల్ చుట్టూ ఒకసారి తిప్పి మీ వైపుకి తెచ్చుకోండి. ఆ కొసతో అసలు లైన్ చుట్టూ ఒక మామూలు ముడి వెయ్యండి, ఇంకా బిగించొద్దు. అక్కడినుంచి రెండు మూడు సెంటీమీటర్లు వదిలి, కొస మీదే ఇంకో మామూలు ముడి వేసి బిగించండి. నోటి తడి చేసి అసలు లైన్‌ని లాగండి. మొదటి ముడి జారుకుంటూ వెళ్లి స్పూల్‌ని కరుచుకుంటుంది, రెండోది జారిపోకుండా దానికి అడ్డం పడుతుంది. మిగిలిన కొస కత్తిరించండి.

4. బ్రెయిడ్ అయితే ఇక్కడ ఆగండి. నున్నటి లోహం మీద బ్రెయిడ్ ఎంత బిగించినా జారుతుంది, నా అంతర్వేది కథ అదే. ముందు బ్యాకింగ్ మోనోని ముడేసి చుట్టండి. తర్వాత రెండు లైన్ల కొసల్ని ఎదురెదురుగా పెట్టి, ఒక్కోదానితో రెండోదాని చుట్టూ యూని ముడి (కొసతో ఉచ్చు చేసి, ఆ ఉచ్చులోంచి చుట్లు వేసి బిగించేది) వెయ్యండి: మోనోతో ఐదు చుట్లు, బ్రెయిడ్‌తో ఎనిమిది. తడిచేసి రెండు ముళ్లూ ఒకదాన్నొకటి తాకేదాకా లాగి, కొసలు దగ్గరగా కత్తిరించండి. స్పూల్ చిన్నదై మోనోకి చోటు లేకపోతే అడుగున ఇన్సులేషన్ టేపు ఒక్క చుట్టు వేసి, దాని మీద బ్రెయిడ్ కట్టినా పట్టుకుంటుంది. కొన్ని స్పూళ్లకి అడుగున రబ్బరు పట్టీ ముందే ఉంటుంది, వాటికి ఈ బాధ లేదు.

5. లైన్ డబ్బాని (కొత్త దారం చుట్టి వచ్చిన చక్రాన్ని) లేబుల్ పైకి ఉండేలా నేలమీద పడుకోబెట్టండి. బెయిల్ మూసి, గైడ్ ముందు లైన్‌ని తడిగుడ్డతో బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పదిహేను ఇరవై తిప్పుళ్లు తిప్పండి. ఆపండి. రాడ్‌ని డబ్బా వైపు వంచి లైన్ వదులు చెయ్యండి. మెలికలు పడి తాడులా పురెక్కితే డబ్బాని బోర్లా తిప్పి మొదలుపెట్టండి. వదులుగా తిన్నగా పడుంటే అలాగే సాగించండి. స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ తిరగదు, రోటరే దాని చుట్టూ తిరిగి దారం చుడుతుంది. అందుకే ప్రతి చుట్టుకీ ఒక మెలిక పుడుతుంది. డబ్బాలోంచి వచ్చే మెలిక దానికి ఎదురు దిశలో ఉంటే రెండూ కొట్టుకుపోతాయి, ఒకే దిశలో ఉంటే రెట్టింపవుతాయి. ఈ గొడవ మోనోకీ ఫ్లోరోకీ ఎక్కువ, బ్రెయిడ్‌కి అంతగా పట్టింపు లేదు.

6. బిగువు. చేతిలో గుడ్డ వేడెక్కేంత కాదు, అలాగని ఊరికే ఆనించినట్టూ కాదు. చుట్టిన దారాన్ని బొటనవేలితో నొక్కితే గట్టిగా తగలాలి, మెత్తగా లోపలికి పోకూడదు. బ్రెయిడ్‌కి ఇంకాస్త బిగువు కావాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ మీద పెద్ద చేప పడితే, పైపొర కింది పొరల్లోకి దిగబడిపోతుంది. మళ్లీ విసిరినప్పుడు అక్కడ టక్కున ఆగి, ల్యూర్ ఒక్కటే ఎగిరిపోతుంది. గుడ్డ తడిపి పట్టుకోవడం వేళ్లకీ మంచిది, వేడి పుట్టకుండా దారానికీ మంచిది.

7. ఎక్కడ ఆపాలి? మోనో అయితే స్పూల్ పెదవికి రెండు మూడు మిల్లీమీటర్లు కిందకి, బ్రెయిడ్ అయితే ఒకటిన్నర నుంచి రెండు. డబ్బాలో ఇంకో ఇరవై మీటర్లు మిగిలాయని వాటినీ ఎక్కించేస్తే, విసిరిన ప్రతిసారీ పది చుట్లు ఒకేసారి ఊడొచ్చి గైడ్‌లో పిచ్చుకగూడు కడతాయి. మరీ తక్కువైతే దారం పెదవి అంచుకి రాసుకుంటూ బయటికి రావాలి, దూరం పోదు. రెండిట్లో ఒకటి తప్పదంటే తక్కువే నయం.

బెయిట్‌కాస్టర్ వాళ్లకి ఇంత తతంగం లేదు. అందులో స్పూలే తిరుగుతుంది కాబట్టి మెలిక పుట్టదు. లైన్ డబ్బాకి పెన్సిల్ గుచ్చి, ఎవరినైనా రెండు కొసలూ పట్టుకోమనండి. డబ్బా పైనుంచి వచ్చే దారం రీల్ స్పూల్ మీదికి కూడా పైనుంచే వెళ్లాలి. అటూ ఇటూ తిరిగే లైన్ గైడ్‌లోంచి ముందే దూర్చారో లేదో చూసుకోండి, అంతే.

డ్రాగ్, లీడర్

లైన్ బలంలో మూడో వంతు దాటకుండా, పావు వంతుకి తగ్గకుండా డ్రాగ్ పెట్టుకోవడం వాడుక. 20 పౌండ్ల లైన్ అంటే 9 కిలోలు, కాబట్టి రెండుంపావు నుంచి మూడు కిలోల మధ్య. రాడ్‌ని నలభై అయిదు డిగ్రీలు ఎత్తి, లైన్ కొసకి స్ప్రింగ్ కాటా తగిలించి లాగించండి. స్పూల్ కదిలేటప్పటి అంకె చూసి బిగించండి. ఒకసారి చేస్తే తర్వాత చేతికే అంచనా వచ్చేస్తుంది.

ఒక అలవాటు మాత్రం మానుకోవాలి. చేప లాగుతూ డ్రాగ్ కిర్రుమంటున్నప్పుడు కంగారులో హ్యాండిల్ తిప్పుతాం. రీల్ గేర్ 5:1 అయితే ఒక్క తిప్పుడుకి దారంలో ఐదు మెలికలు ఎక్కుతాయి. పది క్షణాలు అలా తిప్పారంటే కొత్త లైన్ కాస్తా పాత తాడే. చేప పోతున్నప్పుడు పోనివ్వండి, ఆగినప్పుడు చుట్టండి.

పండుగప్ప పళ్లు ఆకురాయిలా గరుకుగా ఉంటాయి, మొప్పల మూత అంచు కత్తే. 30 పౌండ్ల బ్రెయిడ్ దాని ముందు నిమిషం ఆగదు. చివర 40 నుంచి 50 పౌండ్ల మోనో లేదా ఫ్లోరో లీడర్ ఒక మీటరు ఉండాలి. వంజరం అయితే అదీ చాలదు, స్టీల్ వైర్ కావాల్సిందే. బ్రెయిడ్‌ని లీడర్‌కి కలపడానికి ఎఫ్‌జీ ముడి అన్నిటికన్నా సన్నం, గైడ్లలోంచి తగలకుండా పోతుంది. కానీ పడవలో ఊగుతూ, చేతులు తడిగా ఉన్నప్పుడు అది వెయ్యడం నా వల్ల కాదు. ఇంట్లో ఫ్యాన్ కింద ఎఫ్‌జీ వేసుకుని వెళ్తాను, నీళ్ల దగ్గర తెగితే డబుల్ యూనితో (పైన చెప్పిన ఆ రెండు యూని ముళ్ల కట్టుతో) సరిపెడతాను.

వాడుకలో

ఎంత జాగ్రత్తగా చుట్టినా నెలకో రెండు నెలలకో మోనో మెలిక పడుతుంది. పంట కాలువ పారే ఊళ్లవాళ్లకి దీనికి మందు ఇంటి పక్కనే ఉంది. గాలం, స్వివెల్, సీసం గుళ్లు అన్నీ విప్పేసి, ఒట్టి దారాన్ని అరవై డెబ్భై మీటర్లు పారే నీళ్లలోకి వదలండి. రెండు నిమిషాలు అలాగే పట్టుకుంటే మెలికలు కొసనుంచి వాటంతటవే విప్పుకుంటాయి. తర్వాత తడిగుడ్డతో పట్టుకుని బిగువుగా చుట్టెయ్యండి.

ఉప్పునీళ్లలో వాడిన రోజు ఇంటికి రాగానే డ్రాగ్ బిగించి, కొళాయి సన్నటి ధార కింద స్పూల్‌ని కడగండి. రీల్‌ని బకెట్‌లో ముంచేవాళ్లున్నారు, అలా చేస్తే లోపలి గ్రీజులోకి ఉప్పు చేరుతుంది. ఆరాక డ్రాగ్ మళ్లీ వదులు చేసి పెట్టండి. స్కూటర్ డిక్కీలో, కారు అద్దం దగ్గర ఎండలో మోనోని వదిలెయ్యకండి.

చేపలవేటకి వెళ్లిన ప్రతిసారీ చివరి రెండు మీటర్లు వేళ్లమధ్య జార్చి చూడండి. గరుకు తగిలిందంటే అక్కడిదాకా కత్తిరించి మళ్లీ ముడెయ్యాలి. బాగా వాడే మోనోని ఏడాదికోసారి మార్చండి. మొత్తం తీసెయ్యక్కర్లేదు, పైన యాభై అరవై మీటర్లు తీసి కొత్తది అతికిస్తే చాలు, కిందిది ఎండ చూడలేదు. బ్రెయిడ్ రంగు వెలిసినంత మాత్రాన పోయినట్టు కాదు, నూగు లేస్తేనే అనుమానించాలి. బ్రెయిడ్‌లో నాకు నచ్చే విషయం ఇంకోటి: ఒకవైపు అరిగాక మొత్తం తిప్పి చుట్టుకుంటే, అడుగున దాగున్న కొత్త దారం పైకొస్తుంది. 150 మీటర్లకి పెట్టిన డబ్బు అలా రెండుసార్లు వసూలవుతుంది.

తీసేసిన పాత దారాన్ని గట్టుమీద వదిలి రావద్దు. నైలాన్ ఏళ్లతరబడి మట్టిలో కలవదు. కొంగల కాళ్లకీ, గట్టున మేసే మేకలకీ అది ఉరే. నేను ఖాళీ నీళ్ల సీసాకి చుట్టుకుని తెచ్చుకుంటాను. ఇంటికొచ్చాక ఆ చుట్టని కత్తెరతో అడ్డంగా కోసి, అర అడుగు ముక్కలు చేసి సీసాలోనే దూర్చి మూత బిగించి చెత్తబుట్టలో వేస్తాను.